నీలం యాప్‌లో రెండు స్టార్లు

మా ఆయన్ని వీధిలో అందరూ తూకాలాయన అంటారు. తూనికలు కొలతల శాఖలో ముప్పై మూడేళ్లు ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. ఆయన బజారులో అడుగుపెడితే తక్కెళ్లు వాటంతటవే సర్దుకునేవట. చింత చచ్చినా పులుపు చావదన్నట్టు, ఉద్యోగం పోయినా ఆ చూపు మాత్రం పోలేదు. ఇప్పటికీ ఇంటికి తెచ్చిన పంచదార పొట్లాన్ని వంటింటి కాటాలో పెట్టి చూస్తారు. తూకం సరిగ్గా ఉంటే ఆయన మొహం కొంచెం చిన్నబోతుంది.

అలాంటి మనిషి చేతిలో మూడు టాక్సీ యాప్‌లు పడ్డాయి. కోతికి కొబ్బరి చిప్ప దొరికినట్టే అనుకోండి.

పడటానికి కారణం నేనే. నేను టైలర్ని. ముందుగదిలో మిషను వేసుకుని ఇరవై ఆరేళ్లుగా కుడుతున్నాను. వానలప్పుడు తడి గడప మీద జారి పడితే కుడి మణికట్టు రెండుచోట్ల విరిగింది. లోపల ప్లేటు వేశారు. "రెండు నెలలపాటు సోమవారం, గురువారం ఫిజియోథెరపీకి రావాలి. మానేశారో, చెయ్యి బిగుసుకుపోతుంది. ఇక కత్తెర పట్టుకోలేరు" అని డాక్టరమ్మ మొహం మీదే చెప్పింది. ఆస్పత్రి ఏడు కిలోమీటర్లు. బస్సెక్కితే ఎవరో ఒకరు వచ్చి ఆ చేతికే తగులుతారు. అందుకని టాక్సీ అనుకున్నాం.

మూడు యాప్‌లకీ ఏవో నోరు తిరగని పేర్లున్నాయి. మేం రంగులతో పిలుచుకున్నాం. ఎర్రది, పచ్చది, నీలంది. మొదటివారమంతా మా ఆయన వాటిని తనిఖీ చేశారు. ఎర్రదాంట్లో బండ్లు కొత్తవి, కానీ డ్రైవరు ఫోన్ చేసి "ఎక్కడికెళ్లాలి?" అని అడుగుతాడు, చెప్పగానే ఫోను కట్ చేసేస్తాడు. పచ్చది అన్నిటికన్నా చవక, కానీ మ్యాపులో ఆ బొమ్మ కారు గానుగెద్దులా ఒకేచోట తిరుగుతూ ఉంటుంది. నీలంది చెప్పిన టైముకి వచ్చి నిలబడుతుంది, కాకపోతే ధర ఎక్కువ. ఇదీ ఆయన తేల్చిన సంగతి.

అక్కడితో ఆగారా? ప్రతి సోమవారం, గురువారం పొద్దున్న తొమ్మిదిన్నరకల్లా ఒక చేతిలో తన ఫోను, ఇంకో చేతిలో నా ఫోను పట్టుకుని మెట్ల మీద నిలబడేవారు.

"ఎర్రది నూట అరవై. పచ్చది నూట నలభై. నీలంది నూట యాభై అయిదు."

"ఏదో ఒకటి కొట్టండి బాబూ, టైమవుతోంది."

"ఆగవోయ్, నీలంది దిగుతుంది. ఇందాక నూట యాభై రెండు చూపించింది."

"మూడు కోసం ముప్పై నిమిషాలు నిలబెడతారా? నా చెయ్యి విరిగింది గానీ కాళ్లు బాగానే ఉన్నాయి, నడిచిపోతాను ఉండండి."

మూడు కోసం కాదు, తేడా ఎందుకు ఉండాలన్నది ఆయన బాధ. ఏడు కిలోమీటర్లంటే ఏడు కిలోమీటర్లే కదా, ఒక్కొక్కడి దగ్గర ఒక్కో తూకమా అని.

రెండోవారం గురువారం ఒక తమాషా జరిగింది. ఆయన పచ్చదాంట్లో బుక్ చేశారు. ఇంతలో నీలంది కాస్త దిగినట్టు కనబడింది. చెప్పిన టైముకొచ్చేది అదే కదా అని అందులో కూడా కొట్టేశారు, ఏది ముందొస్తే అది ఎక్కి రెండోది క్యాన్సిల్ చేద్దామని. రెండు ఫోన్లూ చూసుకుని కళ్లజోడు తుడుచుకున్నారు. రెండింట్లోనూ ఒకే బండి నంబరు.

బండి వచ్చింది. ముప్పై అయిదేళ్ల మనిషి, సన్నగా, చొక్కా చేతులు మడిచి ఉన్నాడు. నా కట్టు చూడగానే దిగి వచ్చి తలుపు తీశాడు. లోపల స్టీరింగు పక్కన రెండు ఫోన్లు అంటించి ఉన్నాయి, రెండూ ఒకేసారి మోగుతున్నాయి.

"రెండింట్లోనూ నేనే సార్. ఒకటి క్యాన్సిల్ కొట్టండి."

"అదే బండి, అదే రోడ్డు, అదే నువ్వు. మరి దీంట్లో నూట నలభై, దాంట్లో నూట యాభై. తేడా ఏమిటోయ్?" అని మా ఆయన నిలదీశారు.

"రంగేనండీ" అన్నాడతను.

చెయ్యి విరిగిన తరవాత నేను పగలబడి నవ్వింది ఆరోజే. మా ఆయన మాత్రం నవ్వలేదు. ముప్పై మూడేళ్ల సర్వీసులో ఇంత మోసం చూడలేదన్నారు.

ఆ డ్రైవరు మా పక్క వీధి మలుపులోనే బండి ఆపుకుని ఉండేవాడు. అందుకని నీలందాంట్లో ఎప్పుడు కొట్టినా ఇంచుమించు అతనే వచ్చేవాడు. ఏం డ్రైవింగండీ అది! "అమ్మా, ముందు గుంట ఉంది, చెయ్యి ఒళ్లో పెట్టుకోండి" అని ముందే హెచ్చరించి, పిల్లి నడిచినట్టు దాటించేవాడు. ఇక మాటలు సరేసరి. ఎక్కింది మొదలు దిగేదాకా ఒకటే కబుర్లు. ఏ సిగ్నలు దగ్గర ఎంతసేపు ఆగాలి, ఏ పెట్రోలు బంకులో గాలి ఉచితం, ఏ ప్యాసింజరు కారులో కట్టుడు పళ్లు మర్చిపోయాడు, అన్నీ చెప్పేవాడు. నొప్పితో వెళ్లే దారి ఎలా గడిచేదో తెలిసేది కాదు.

మా ఆయనకి ఈ తనిఖీ రెండోవైపు నుంచి కూడా చేయాలనిపించింది.

"మీ డ్రైవర్లకి మూడింట్లో ఏది మంచిదోయ్?"

"డబ్బు ఎర్రదాంట్లో ఎక్కువొస్తుంది సార్. కానీ నాకు నీలందే ప్రాణం. అందులో దగ్గర ట్రిప్పులని ఒకటుంది. స్టార్లు నాలుగున్నరకి తగ్గకుండా ఉంటే మన ఏరియా దాటించరు. మిగతా రెండూ అలా కాదు, ఊరి అవతలికైనా తోలేస్తాయి."

"ఊరి అవతలికెళ్తే ఏం? ఎక్కువ వస్తుంది కదా?"

"మధ్యాహ్నం ఒంటిగంటకి నేను ఇంట్లో ఉండాలి సార్. మా అన్నయ్యకి అన్నం పెట్టాలి."

అన్నయ్య లారీ డ్రైవరట. తమ్ముణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని స్టీరింగు పట్టడం నేర్పింది ఆయనేనట. నాలుగేళ్ల కిందట లారీ బోల్తా పడి తలకి దెబ్బ తగిలింది. ప్రాణం దక్కింది గానీ మాట పోయింది, చేతులు పనిచేయవు. డ్రైవరు భార్య పొద్దున్నే బేకరీలో పనికెళితే నాలుగున్నరకి గానీ రాదు. ఒంటిగంట ముద్ద తమ్ముడి చేత్తోనే.

"ఈ నాలుగేళ్లలో ఒక్కపూట తప్పలేదమ్మా" అన్నాడు, అద్దంలోంచి నన్ను చూస్తూ. "నీలంది పుణ్యమా అని."

నాలుగోవారం నుంచి మా ఆయన పేచీలు తగ్గాయి. మెట్ల మీద ఎక్కువసేపు నిలబడకుండా నీలందే కొట్టేవారు. ఆశ్చర్యం వేసి అడిగాను.

"ఇప్పుడు నీలందే చవక. మనకి కూపన్లొస్తున్నాయి, ట్రిప్పుకి ఇరవై తగ్గింపు" అన్నారు గర్వంగా.

"ఎందుకిస్తున్నారు?"

"తూకం తెలిసినవాడికి ఇస్తారు."

నేనూ సరేననుకున్నాను. ఆ డ్రైవరు చేతిలో నా చెయ్యి భద్రంగా ఉంటోంది, పైగా ఇంట్లో గొడవ లేదు. అంతకన్నా ఏం కావాలి?

కానీ అదే వారం నుంచి డ్రైవరు మారిపోసాగాడు. మొదట సీటు కవర్లు కొత్తవి వచ్చాయి. తరవాత ముందద్దం దగ్గరి సెంటుబుడ్డి తీసేశాడు. చొక్కా చేతులు విప్పి గుండీలు పెట్టుకున్నాడు. ఆ తరవాత మాటలు మానేశాడు. "గుంట వస్తోంది" అని కూడా అనేవాడు కాదు, ఊరికే నెమ్మదిగా దాటించేవాడు. ఆ నిశ్శబ్దంలో నా చేతి నొప్పి నాకు బాగా తెలిసొచ్చింది. ఉండబట్టలేక ఒక సోమవారం అడిగేశాను.

"ఏం బాబూ, ఒంట్లో బాగాలేదా? ఇంట్లో అందరూ కులాసాయేనా?"

"స్టార్లు పడిపోతున్నాయమ్మా. నాలుగు పాయింట్ ఎనిమిది ఉండేది, ఇప్పుడు నాలుగున్నర దగ్గరికి వచ్చేసింది. ఎవరో రెండేసి స్టార్లు వేస్తున్నారు. ఇంకొక్కటి పడితే దగ్గర ట్రిప్పులు ఆగిపోతాయి."

"ఎవరు వేశారో తెలీదా?"

"పేరు చూపించదమ్మా. నావల్ల ఏ పొరపాటు జరుగుతోందో అర్థం కావట్లేదు."

మా ఆయనకి కోపం నషాళానికెక్కింది. "ఎవడో కడుపు నిండిన వెధవ! కూర్చున్నచోట వేలితో నొక్కి ఒకడి కడుపు కొడతాడా? వాడి వేళ్లు విరగ! నువ్వేం బెంగపెట్టుకోకు, నీ తప్పేం లేదు." నేనూ రెండు శాపనార్థాలు కలిపాను. ఆస్పత్రి దగ్గర దిగేటప్పుడు మా ఆయన అతని భుజం తట్టారు కూడా.

గురువారం నీలందాంట్లో వేరే బండి వచ్చింది. ఆ డ్రైవరు గుంటల్లో ఎత్తి కుదేశాడు. సోమవారం ఇంకొకడు వచ్చాడు. ఆ పై గురువారం నీలందాంట్లో బండి దొరక్క ఎర్రది కొడితే మన డ్రైవరు వచ్చాడు. మనిషి వారం పది రోజుల్లో వాడిపోయాడు.

"ఆగిపోయిందమ్మా" అన్నాడు, నేను నోరు తెరవకముందే. "మీరు దిగిన సోమవారమే ఇంకో రెండు స్టార్లు పడ్డాయి. ఇప్పుడు ఏదొస్తే అదే తోలుతున్నాను. నిన్న ఒంటిగంటకి ఊరి అవతల ఉన్నాను. ఇల్లు చేరేసరికి నాలుగు."

"అయ్యో, మరి అన్నయ్యకి?"

"తలుపు వైపే చూస్తూ ఉన్నాడమ్మా. గొంతు లేదు కదా, అడగలేడు. నేను లోపలికి రాగానే కళ్లంట నీళ్లు కారాయి."

సిగ్నలు దగ్గర బండి ఆగింది. అతను ఫోను తీసి మా ఆయనకి అందించాడు.

"సార్, మీరు పెద్ద ఉద్యోగం చేసినవారు. ఇందులో తేదీలూ అవీ ఉన్నాయి. నా తప్పేమిటో ఎక్కడైనా రాసి ఉందేమో కాస్త చూస్తారా?"

మా ఆయన కళ్లజోడు సర్దుకుని చూశారు. నేనూ తొంగిచూశాను. నాలుగు వరసలు ఉన్నాయి. సోమవారం, గురువారం, గురువారం, సోమవారం. అన్నీ పొద్దున్న పదీ పావు, పదీ ఇరవై మధ్య. కారణం అన్నచోట 'ధర' అని ఉంది. ఆ తేదీలు నా ఫిజియోథెరపీ కార్డు మీద ఉన్న తేదీలే. ఆ టైముకి నేను లోపల చెయ్యి తిప్పించుకుంటూ ఉంటాను, ఈయన బయట బెంచీ మీద ఫోను నొక్కుకుంటూ ఉంటారు.

మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నలభై ఏళ్ల కాపురంలో ఆ చెవులు అలా ఎర్రబడటం నేను మూడుసార్లే చూశాను. ఫోను వెనక్కిచ్చి, "తప్పేమీ రాసిలేదోయ్" అన్నారు.

ఆస్పత్రిలో మా పేరు పిలవడానికి ఇంకా పావుగంట ఉంది. బెంచీ మీద కూర్చోబెట్టి నిలదీశాను.

"ఆ రెండు స్టార్లు మీవేనా?"

"నేను కంపెనీకి వేశానోయ్."

"కంపెనీకా?"

ఆయన ఫోను తీసి చూపించారు. నీలందాంట్లో ప్రయాణం అయిపోగానే 'ఈ ప్రయాణం మీకెలా ఉంది?' అని అయిదు స్టార్లు వస్తాయి. తరవాత ఇంకో పేజీలో 'డ్రైవరుకి థాంక్స్ చెబుతారా?' అని బొటనవేలు బొమ్మ వస్తుంది. బొటనవేలు డ్రైవరుకి, స్టార్లు కంపెనీకి అని ఈయన తేల్చుకున్నారు. ప్రతిసారీ బొటనవేలు నొక్కారట. ఒకసారి ధర ఎక్కువైందని కోపమొచ్చి రెండు స్టార్లు వేస్తే, వెంటనే 'క్షమించండి' అంటూ ఇరవై తగ్గింపు కూపన్ వచ్చిందట. ఆ తరవాత కూపన్ కోసమే వేశారు.

"తూకం తక్కువైతే జరిమానా షాపు యజమానికి వేస్తాం గానీ, మూటలు మోసే కూలివాడికి వేస్తామా? నేనలాగే అనుకున్నాను" అన్నారు.

"మొదటిసారి కోపంతో వేశారు, సరే. మిగతా మూడూ? ప్రయాణం బాగోలేదా? నా చేతికి చీమ కుట్టినంత కుదుపైనా తగిలిందా? లేనిది ఉన్నట్టు రాసి కూపన్ తీసుకుంటే దాన్నేమంటారు మీ శాఖలో?"

దాన్నేమంటారో ఆయనకి తెలుసు, ముప్పై మూడేళ్లు దానికే జరిమానాలు రాశారు. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు, ఆరోజు బండిలో ఆయన తిట్టిన తిట్లు నాకు గుర్తొచ్చాయి. వేళ్లు విరగ అన్నారు. తరవాత పావుగంటకే ఆ వేళ్లతో నాలుగోది నొక్కారు. నాకు కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ కూపన్ల మీద ఊరేగింది నేనే కదా. నేను సుఖంగా కూర్చున్న ప్రతిసారీ ఎక్కడో ఒక మంచం మీది మనిషి అన్నానికి ఎసరు పెడుతున్నామని నాకేం తెలుసు?

ఫిజియోథెరపీ అయ్యాక ఇంటికి వెళ్లలేదు. నీలందాని ఆఫీసు ఎక్కడో కనుక్కుని వెళ్లాం. ఒక షాపుల సముదాయంలో మూడో అంతస్తు. గాజు తలుపు, నాలుగు కౌంటర్లు, ఎదురుగా డ్రైవర్లు వరసలో నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరి మొహంలో ఒక్కో మొర. మా ఆయనా ఆ వరసలోనే నిలబడ్డారు. ముందున్నతను "మీది ఏ బండి అంకుల్?" అని అడిగితే, "నేను ప్యాసింజర్ని నాయనా" అన్నారు. అందరూ వెనక్కి తిరిగి చూశారు.

కౌంటరులో అమ్మాయి నెమ్మదస్తురాలు. అంతా విని కంప్యూటరులో చూసింది.

"వేసిన స్టార్లు మార్చడం కుదరదు సార్. ఒక్కటే దారి. తగ్గింపు కోసం అబద్ధం రేటింగ్ ఇచ్చానని మీరు రాసి సంతకం పెడితే, మీ ఖాతా మూసేసి, మీరిచ్చినవన్నీ కొట్టేస్తారు. పదిరోజులు పడుతుంది. ఆ తరవాత మా యాప్ మీకు ఎప్పటికీ రాదు. పొరపాటున వేశానని రాస్తే మాత్రం ఏమీ చేయలేం."

"పొరపాటు అనే కదండీ..." అంటూ ఆయన నావైపు చూశారు. నేను చూపు తిప్పుకోలేదు.

కాగితం తీసుకున్నారు. 'తగ్గింపు కోసం నాలుగుసార్లు తప్పుడు రేటింగ్ ఇచ్చాను. డ్రైవరు దోషం లేదు' అని రాసి, కింద పూర్తి పేరు, దాని కింద అలవాటుగా 'విశ్రాంత ఇన్‌స్పెక్టరు' అని కూడా రాసి సంతకం పెట్టారు. ఆ రెండు మాటలు రాసేటప్పుడు చెయ్యి ఆగింది. నాకు జాలేసింది. అయినా కొట్టేయమని చెప్పలేదు.

అక్కడి నుంచే డ్రైవరుకి ఫోన్ చేశాం. అరగంటలో వచ్చాడు. షాపుల ముందు, బండికి ఆనుకుని నిలబడ్డాడు. మా ఆయన ఒక్క మాట దాచకుండా చెప్పేశారు. బొటనవేలు సంగతి కూడా చెప్పబోయి, "అది వదిలేయ్, అది సాకు" అని తనే ఆపేశారు.

అతను అరవలేదు. అరిచినా బాగుండేది. అద్దం మీద లేని దుమ్ము తుడిచాడు.

"అంటే... నా తప్పేం లేదా సార్?"

"లేదయ్యా."

"వాసన పడట్లేదేమో అనుకున్నాను. సీట్లు బాగోలేదేమో అనుకున్నాను. చివరికి నేను ఎక్కువ వాగుతున్నానేమో, విసుక్కుంటున్నారేమో అని మాటలు మానేశాను." మళ్లీ కాసేపు తుడిచాడు. "కూపన్ ఎంతొచ్చేది సార్?"

"ఇరవై."

"అడిగుంటే నేనే తగ్గించేవాణ్ణి కదా సార్."

మా ఆయన అక్కడే మెట్టు మీద కూలబడ్డారు. ఆయన్ని నేను చూడలేకపోయాను. ఇక నేనే అందుకోవాల్సి వచ్చింది.

"బాబూ, పదిరోజులు పడుతుందట. ఈ పదిరోజులూ ఒంటిగంటకి మేం వెళ్తాం మీ ఇంటికి. నువ్వు దారెంటా గాభరాపడుతూ బండి నడపకు. నా చెయ్యి పనికిరాదు, ఈయన చేతులు రెండూ బాగున్నాయి. ఈయన పెడతారు."

అతను మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. నమ్మాలా వద్దా అని చూసుకుంటున్నాడు, అందులో తప్పేముంది. ఆఖరికి జేబులోంచి తాళంచెవి తీశాడు, మా ఆయన చేతికి కాదు, నా ఎడమచేతికి ఇచ్చాడు.

"రెండు దిండ్లు పెట్టి కూర్చోబెట్టాలమ్మా. చెంచా నిండా వద్దు, సగమే. మింగాడో లేదో గొంతు చూసి మళ్లీ పెట్టాలి. ఇంకోటి, మాట్లాడుతూ పెట్టాలి. మాట ఆగితే నోరు మూసేస్తాడు."

"ఏం మాట్లాడాలి?" అని మా ఆయన కింద నుంచి అడిగారు.

"ఏదైనా సార్. అర్థమవుతుందో లేదో డాక్టర్లకే తెలీదు. మనిషి గొంతు వినబడాలి, అంతే. నాలుగేళ్లుగా నాకు అదే అలవాటైపోయింది. బండిలో కూడా నా నోరు ఆగదు అందుకే."

మర్నాడు పన్నెండున్నరకే వెళ్లాం. రెండు గదుల ఇల్లు, నేల అద్దంలా తుడిచి ఉంది. కిటికీ పక్క మంచం మీద ఆ అన్నయ్య. తమ్ముడు సన్నం, అన్న భారీ మనిషి. తలుపు చప్పుడికి కళ్లు ఇటు తిప్పాడు. తమ్ముడు కాదని చూసి, అలాగే చూస్తూ ఉండిపోయాడు.

డ్రైవరు చెప్పినట్టే మా ఆయన అన్నీ చేశారు. దిండ్లు సర్దారు, మెడకి తువ్వాలు కట్టారు, మెత్తగా మెదిపిన అన్నం సగం చెంచా తీసుకుని పెదవుల దగ్గర పెట్టారు. పెదవులు కదల్లేదు. "తినండి" అన్నారు. ఊహూఁ. "కొంచెం తినండి" అన్నారు. లాభం లేదు. అన్నం చల్లారిపోతోంది. మా ఆయన దిక్కుతోచక నావైపు చూశారు.

"మాట్లాడమన్నాడు కదండీ."

"ఏం మాట్లాడనే? నాకేం కబుర్లొచ్చు?"

నిజమే. ఈయనకి కబుర్లు రావు. పెళ్లయిన కొత్తలో నాతో బియ్యం ధర మాట్లాడిన మనిషి.

"వచ్చిందే మాట్లాడండి."

ఆయన గొంతు సవరించుకున్నారు. "ఇవాళ మీ ఇంటికి రావడానికి చూశానండీ. ఎర్రది తొంభై రెండు అంది. తొంభై రెండేమిటి, నాలుగు కిలోమీటర్లకి? పచ్చది ఎనభై నాలుగు అంది. సరే, అయిదు నిమిషాలు ఆగాను..."

నోరు తెరుచుకుంది. చెంచా లోపలికి వెళ్లింది. గొంతు కదిలింది.

"ఆగితే ఎనభై ఒకటి అయింది. నేను చెప్పలేదూ, దిగుతుందని? ఈవిడ నమ్మదు. ఆదివారాలు ఇంకా తగ్గుతుంది. వాన పడితే మాత్రం రెండింతలు, అది అన్యాయం కదండీ, వానకి కిలోమీటరు పొడుగవుతుందా?"

ఒక్కో ధరకి ఒక్కో చెంచా. నవ్వొచ్చి కిటికీ వైపు తిరిగాను. తిరిగాక తెలిసింది, అది ఒట్టి నవ్వు కాదని. గిన్నె సగమైంది.

"నీలంది ఎంతో తెలీదు. నాకిప్పుడు నీలంది లేదు" అని ఆయన ఆగారు. నోరు మూసుకుంది. గబగబా మళ్లీ అందుకున్నారు. "ఎందుకు లేదంటే, మూసేయమని నేనే రాసిచ్చాను. మీ తమ్ముడికి రెండు స్టార్లు వేసింది నేనండీ. నాలుగుసార్లు వేశాను. అతను ఏ తప్పూ చేయలేదు. మిమ్మల్ని మొన్న నాలుగింటిదాకా పస్తు పెట్టింది నేనే."

దీనికీ నోరు తెరుచుకుంది. పెట్టింది మింగి, మళ్లీ తెరిచి, మా ఆయన మొహంలోకి చూస్తూ ఉన్నాడు.

మా ఆయనకి మాట పెగల్లేదు. చెంచా చేతిలో అలాగే ఉంది, ఆయన చెంపల మీద నుంచి నీళ్లు ఆ తువ్వాలు మీద పడుతున్నాయి. ఎదుటి పెదవులు మెల్లగా దగ్గరికొస్తున్నాయి.

"ఏవండీ, ఏడుపు తరవాత. ముందు మాట్లాడండి, ఆయనకి ఆకలేస్తోంది" అన్నాను.